సేనలు కదిలినప్పుడు సభ ఎక్కడ?

మన రాష్ట్రపతి త్రివిధ దళాలకు సర్వాధిపతి. రాజ్యాంగం 53వ అధికరణం ఈ మాట చెప్పి, ఆ అధికార వినియోగాన్ని చట్టం క్రమబద్ధం చేస్తుందని వెంటనే చేర్చినది. రాష్ట్రపతి మంత్రివర్గ సలహా ప్రకారమే నడుచుకొనవలెను గనుక ఆచరణలో అది ప్రధాని చేతిలోని అధికారమే. ఇక చట్టమంటారా? సైనికుల క్రమశిక్షణకు 1950 నాటి సైనిక చట్టం ఉన్నది. సైన్యాన్ని పరదేశానికి పంపే ముందుగాని, పంపిన పిమ్మటగాని పార్లమెంటు సమ్మతి పొందవలెనని చెప్పే చట్టం మాత్రం నేటికీ లేదు.

ఇందులో ఒక వింత ఉన్నది. యుద్ధం వచ్చినదని 352వ అధికరణం కింద అత్యయిక పరిస్థితి ప్రకటిస్తే, దానిని నెల రోజులలో ఉభయసభలు ప్రత్యేక మెజారిటీతో ఆమోదించవలెను. 1975 నాటి చేదు అనుభవం తరువాత, 1978లో 44వ సవరణ ఈ కట్టుదిట్టం చేసినది. యుద్ధం పేరిట చేసే ప్రకటనకు సభ ఆమోదం కావలెను, యుద్ధానికే అక్కరలేదు!

శ్రీలంక ఉదంతం మరువదగినది కాదు. 1987 జూలై 29న రాజీవ్ గాంధీ, జయవర్ధనే కొలంబోలో ఒప్పందంపై సంతకాలు చేశారు. మరునాడే మన దళాలు అక్కడ దిగనారంభించినవి. అక్కడి అధ్యక్షుడు తన సొంత ప్రధాని ప్రేమదాస వ్యతిరేకతను సయితం లెక్కచేయలేదు. ఇక్కడ ఇల్లు అలికిననాడే పండుగ అయినంత సంబరం. శాంతి కాపాడడానికి వెళ్లిన సైన్యం అక్టోబరు నాటికి జాఫ్నాలో పులులతో పోరాడుతున్నది. పని స్వభావమే మారిపోయినా, కొత్త పనికి సభ అనుమతి కావలసి రాలేదు. సుమారు 1,200 మంది జవానులు నేలకొరిగారు. అధ్యక్షుడైన ప్రేమదాస 1989లో మన సేనలను వెళ్లిపొమ్మన్నారు.

నాడు ఓటు పెట్టినా రాజీవ్ గెలిచేవారే. లోక్‌సభలో ఆయనకు 400 మందికి పైగా ఉన్నారు. పైన విప్ ఉండనే ఉన్నది. అయినా ఓటు అడిగే ప్రభుత్వం లక్ష్యమేమిటో, గడువెంతో చెప్పవలసి వచ్చేది. అక్టోబరులో మళ్లీ చెప్పవలసి వచ్చేది. నాకు కావలసినది ఆ సంజాయిషీయే.

రహస్యం, వేగం అవసరమంటారు. నిజమే. 1988 నవంబరులో మాల్దీవుల అధ్యక్షుడు గయూమ్ మొరపెట్టుకోగా గంటలలో మన పారాదళం చేరినది. అట్టి వేళ ముందుగా సభను పిలవమనేవారు ఉండరు. కానీ దాదాపు 32 నెలల సైనిక చర్యకు గంటల తొందర సాకు కాజాలదు.

1962లో చైనా దాడి జరుగుతుండగా సభను త్వరగా పిలవవలెనని కోరినవారిలో యువ సభ్యుడు వాజపేయి ఒకరు. నెహ్రూ నవంబరు 8కి సమావేశాన్ని ముందుకు జరిపి, బహిరంగంగానే విమర్శను భరించారు. 1999లో కార్గిల్ యుద్ధం వచ్చేసరికి వాజపేయి ఆపద్ధర్మ ప్రధాని. లోక్‌సభ రద్దయి ఉన్నది. రాజ్యసభనైనా పిలవండని ప్రతిపక్షాలు అడిగితే ఆ ప్రభుత్వం అంగీకరించలేదు. లోక్‌సభ లేనప్పుడు అత్యయిక ప్రకటనను రాజ్యసభ ఆమోదించవచ్చునని 352వ అధికరణమే చెబుతున్నది!

అమెరికా కాంగ్రెసు వియత్నాం దెబ్బ తిన్న తరువాత, 1973 నవంబరులో నిక్సన్ వీటోను తోసిరాజని యుద్ధాధికారాల తీర్మానాన్ని చట్టం చేసినది. అధ్యక్షుడు 48 గంటలలో నివేదించవలెను. అనుమతి రాకుంటే 60 రోజులకు విరమించవలెను. దానికీ కంతలున్నవి. 2011లో లిబియాపై బాంబులు పడుతున్నా, అవి చట్టం ఉద్దేశించిన పోరాటాలు కావని ఒబామా ప్రభుత్వం వాదించినది. అయితే వాదించవలసి వచ్చినది; మన ప్రభుత్వాలకు ఆ శ్రమ కూడా లేదు.

53వ అధికరణం కోరిన చట్టం చేయడానికి రాజ్యాంగ సవరణ అక్కరలేదు, సాధారణ బిల్లు చాలును. సేనలు సరిహద్దు దాటిన నెల రోజులలో ఉభయసభల ఆమోదం, ఆరునెలలకొకసారి పునరామోదం, లక్ష్యం మారితే మళ్లీ ఓటు, లోక్‌సభ లేకుంటే రాజ్యసభ ఓటు. ఏ ప్రభుత్వమూ దీనిని తనంతట తేదు. ప్రతిపక్ష సభ్యులెవరైనా ప్రయివేటు బిల్లుగానైనా తెచ్చి, అధికార పక్షం ఏమని కాదంటుందో రికార్డులోకి ఎక్కించవచ్చును.