అరవని అత్తగారు

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. ఆ రాత్రి బిడ్డను పోగొట్టుకొన్న తల్లి కథ ఒకటి వెనక నేను రాశాను. చినుకు పడితే చాలు, ఆవిడ జుట్టు విరబోసుకొని కేకలు పెట్టేది. చివర మనవణ్ణి ఒళ్ళో పెట్టగానే జబ్బు మాయం! భేషుగ్గా కుదిరిందనుకొన్నాను.

అటువైపు కోడలు ఒకామె ఉత్తరం రాసింది: "మా అత్తగారు ఆ రాత్రి తాటిచెట్టు పట్టుకొని బతికారండీ. ఏనాడూ అరవలేదు. గాలి వీస్తే లేచి తలుపు గడియ పదిసార్లు చూసుకొంటారు. సముద్రం మాట వస్తే వంటింట్లోకి వెళ్ళిపోతారు. మీ కథ చదివి మా ఆయన, 'అదీ జబ్బంటే! అమ్మది వట్టి చాదస్తం' అన్నారు."

నా ముఖాన కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు.

ఈ బాధకు 1980లో అమెరికా మానసిక వైద్యులు తమ రోగాల పట్టికలో 'పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్' అని పేరు పెట్టారు. జరిగినది పీడకలగా తిరిగి రావడం, దాన్ని గుర్తుచేసేవాటి నుంచి తప్పుకోవడం, ఉలికిపాటు, మనసు మొద్దుబారడం. నెల దాటినా ఇవి వదలకపోతే డాక్టరుకు చూపించాలి. ఆపదలో పడ్డవారందరికీ ఇది రాదు. వచ్చినవారికి మనవడు పుట్టినంత మాత్రాన పోదు. వైద్యంతో మెల్లిగా తగ్గుతుంది.

కథలు రాసే సోదర సోదరీమణులారా! పాత్రచేత కేక పెట్టించే ముందు, ఆ మనిషి రాత్రి ఎన్నిసార్లు గడియ చూసుకొంటుందో ఆలోచించండి. మీ కథను బట్టి ఎవరో తమ ఇంటి మనిషిని అంచనా కడుతూ ఉంటారు.