కదిలే మంచం కావాలి

విజయదశమి వెళ్లిన తొలి మంగళవారం విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను తిరుగుతుంది. ఆ రాత్రి ఊళ్లో రెండు గదుల ఇంట్లో పదిమంది చుట్టాలు పడుకుంటారు. ఎవరికీ మంచం దొరకదు, దిండు దొరికితే అదృష్టం, అయినా ఎవరి ముఖమూ మాడదు. అదే ఇంటికి సంక్రాంతి వెళ్లాక పల్లె నుంచి తల్లి వచ్చి మూడు నెలలు ఉంటానంటే మాత్రం మొగుడూ పెళ్లాల మధ్య గుసగుసలు మొదలవుతాయి: ఎక్కడ పడుకోబెడదాం? పదిమందికి చాలిన ఇల్లు ఒక్క మనిషికి ఎందుకు చాలదు? ఇళ్లు ఇరుకైపోయాయని చెప్పుకునే జవాబు సగమే నిజం. పండగ రాత్రి మనం ఇంటిని కదుపుతాం. టీపాయ్ వసారాలోకి పోతుంది, కుర్చీలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి, చాపలు పరుచుకుంటాయి. మర్నాడు మధ్యాహ్నానికల్లా ఎక్కడివక్కడికి వచ్చేస్తాయి. నెలల తరబడి ఉండే మనిషి కోసం రోజూ అలా కదిపి, రోజూ సర్దే ఏర్పాటు మన ఇళ్లలోంచి మాయమైంది. అదనపు గది లేదని దిగులు పడేముందు, కదిలే మంచం ఎందుకు లేకుండా పోయిందో చూసుకోవాలి.

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో నెలల చుట్టాలంటే ఊరికే దిగబడినవాళ్లు కారు. తొలి కాన్పుకి ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో పుట్టింటికొచ్చి, బిడ్డకి మూడో నెలో అయిదో నెలో వచ్చేదాకా ఉండే ఆడపిల్ల. ఇద్దరు ముగ్గురు కొడుకుల మధ్య వంతుల లెక్కన తిరిగే ముసలి తల్లి, తండ్రి. వీళ్లను చుట్టాలనడమే తప్పు గాని, సంచీ సర్దుకుని ఇల్లు మారే మనిషికి పడక దగ్గర దక్కేది చుట్టం హోదాయే. పని వెతుక్కుంటూ విశాఖపట్నమో హైదరాబాదో చెన్నయో వెళ్లిన కుర్రాడు సొంతంగా గది చూసుకునేదాకా తల దాచుకునేది ఊరివాడి దగ్గరో, అప్పా బావల ఇంట్లోనో. శ్రీకాకుళం వలసలు చాలావరకు ఇలా ఒకరి గదిలో ఇంకొకరు సర్దుకోవడం మీదే నడిచాయి. ఇక ఉద్దానం సంగతి. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం వైపు కిడ్నీ జబ్బు పడినవాళ్లు ఏళ్ల తరబడి రెండొందల కిలోమీటర్లకు పైబడిన విశాఖ దాకా వైద్యానికి తిరిగారు. తర్వాత సోంపేట, పలాస, టెక్కలి లాంటి చోట్ల డయాలసిస్ కేంద్రాలు వచ్చాయి. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. దూరం తగ్గింది. అయినా వారానికి రెండు మూడుసార్లు, వెళ్లినప్పుడల్లా నాలుగేసి గంటలు మిషను పక్కన పడుకోవలసిన మనిషికి ఆసుపత్రి దగ్గర్లో చుట్టాలిల్లు ఉండడం పెద్ద ఆసరా. ఆసుపత్రిలో పడకలెన్నో బోర్డు మీద రాసి ఉంటుంది. ఆ మనిషి రాత్రి నిద్రపోయే పడక మాత్రం ఏ లెక్కలోకీ రాదు.

పూర్వం ఇళ్లు పెద్దవి కాబట్టి సరిపోయిందనేది మనం కట్టుకున్న కథ. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో పాత వీధులు చూడండి. ఒకరి గోడను ఆనుకుని ఇంకొకరి ఇల్లు, వీధికి రెండు పక్కలా రైలు పెట్టెల్లా బారుగా పెంకుటిళ్లు. ముందు అరుగు, దాని వెనక పంచ, లోపల ఒక గది, ఆపైన వంటచోటు, పెరడు. ఆ లోపలి గది పడుకోడానికి కట్టింది కాదు. ధాన్యం, పెట్టెలు, దేవుడు ఉండే చోటు అది. మనుషులు పడుకునే చోటు కాలాన్ని బట్టి మారేది. వేసవిలో వీధిలోకి, కోతలప్పుడు కల్లంలోకి, వాన పడితే పంచలోకి మంచం వెళ్లేది. నులక మంచం ఒక్క మనిషి నెత్తిన పెట్టుకుని పోగల వస్తువు. గోగు పండే నేల కాబట్టి నారకి కొదవ లేదు. నులక వదులైతే కాళ్ల వైపు తాడు బిగించుకుంటే మళ్లీ బిర్రుగా వచ్చేది. పొద్దున్నే గోడకి నిలబెడితే ఆ చోటు తిరిగి ఇంటిదయ్యేది. చుట్టం వస్తే ఇంకో మంచం వాల్చేవారు, లేకపోతే పక్కింటి నుంచి తెచ్చుకునేవారు. ఆ రోజుల్ని పొగడడానికి ఇది చెప్పడం లేదు. అరుగు మీది చల్లగాలి మగవాళ్లకి, పొయ్యి పక్క ఉక్క ఆడవాళ్లకి అన్నట్టే సాగింది. అరుగే లేని గుడిసెల గోడు వేరు. అయితే పడుకోడానికి గదే ఉండాలన్న నియమం మాత్రం ఆ ఇళ్లకి లేదు.

ఇప్పటి ఇళ్లు కొలిచి చూద్దాం. 2011 జనగణన నాటికి దేశంలో దాదాపు 37 శాతం కుటుంబాలు ఒకే గదిలో, ఇంకో 32 శాతం రెండు గదుల్లో ఉంటున్నాయి. గెస్ట్ రూమ్ అనే మాటకి మూడింట రెండొంతుల ఇళ్లలో అర్థమే లేదన్నమాట. ప్రభుత్వాలు కట్టించేవీ ఈ కొలతలకి దూరంగా లేవు. పేదలందరికీ ఇళ్లు పేరుతో 2020 డిసెంబరులో మొదలైన కాలనీల్లో ఇల్లు 340 చదరపు అడుగులు. టిడ్కో ఫ్లాట్లు 300, 365, 430 చదరపు అడుగుల రకాలు. ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ కింద కట్టే ఇంటికి వంటచోటుతో కలిపి కనీస వైశాల్యం 25 చదరపు మీటర్లు. ఇలాంటి ఇంట్లోకి పెళ్లి సామానుతో పాటు డబుల్ కాట్ వస్తుంది. ఆరడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల పొడవు అనుకుంటే 39 చదరపు అడుగులు. 340లో పదో వంతు దాటిపోయింది. అది గదిలోకి విడి ముక్కలుగా వచ్చి, బోల్టులు బిగించుకుని, ఇక ఇల్లు మారే రోజు దాకా కదలదు. ముందు గదిలో సోఫా సెట్టు ఇంకో ముప్ఫై అడుగులు తింటుంది. దాని మీద వారానికి ఒకసారి ఎవరైనా వచ్చి కూర్చుంటే గొప్ప. మంచమున్నంతవరకే కాళ్లు చాచుకోమన్నారు పెద్దలు. మనం మంచం ఉన్నంతమేరా ఇల్లు పోగొట్టుకున్నాం. జపానులో పాతకాలపు ఇళ్లలో రాత్రి చాపల మీద పరిచిన ఫుటాన్ పరుపును పొద్దున్నే మడిచి గోడ అలమరలోకి తోసేస్తారు, ఆ గదిలోనే కూర్చుని భోంచేస్తారు. మనకిది తెలియని విద్యేమీ కాదు, మరిచిన విద్య.

కదిలే మంచం లేని ఇల్లు చుట్టం వచ్చినప్పుడు ఏం చేస్తుంది? కొందరు పెద్ద మర్యాదగా తమ పడకగదే ఇచ్చేస్తారు. వారం రోజులకి అది బాగానే ఉంటుంది. నెలలకి పనికిరాదు. ఇంటి ఇల్లాలి చీరలు, మందులు, పిల్లల పుస్తకాలు అన్నీ ఆ గదిలోనే ఉంటాయి, ఏది కావాలన్నా తలుపు తట్టి వెళ్లాలి. భార్యాభర్తలు నెలల తరబడి హాల్లో పిల్లల మధ్య పడుకుంటే వాళ్ల మధ్య మాటకీ చోటుండదు. దీని గురించి మన ఇళ్లలో ఎవరూ నోరు విప్పరు. చిరాకు మాత్రం ఏ కూరలో ఉప్పు ఎక్కువైందన్న వంకనో బయటపడుతుంది. వచ్చిన మనిషికీ అది తెలుస్తూనే ఉంటుంది, అందుకే ఇంకో నెల ఉండవలసిన తల్లి "పొలం పనులున్నాయిరా" అని పెట్టె సర్దుకుంటుంది. ఇంకొందరు సోఫా చూపిస్తారు. మూడు సీట్ల సోఫాలో రెండు చేతుల మధ్య దూరం అయిదు, అయిదున్నర అడుగులు. మనిషి అంతకన్నా పొడుగు. మెడ ఒక చేతి మీద, మడమలు రెండో చేతి మీద, నడుము మెత్తటి గుంటలో. పసిబిడ్డను సోఫా మీద పడుకోబెట్టడం ప్రమాదమని పిల్లల డాక్టర్లు గట్టిగానే చెబుతారు. మిగిలింది నేల. పాతికేళ్ల కుర్రాడికి చాప, బొంత దివ్యంగా సరిపోతాయి. ఆపరేషను కుట్లున్న బాలింతకీ, మోకాళ్లు అరిగిన ముసలామెకీ నేల మీంచి లేవడమే రాత్రికి మూడుసార్లు పరీక్ష. వానాకాలంలో చెమ్మ ఎక్కే గచ్చు సంగతి సరేసరి.

నెలల చుట్టానికి కావలసింది మూడడుగుల వెడల్పు, ఆరుంపావు అడుగుల పొడవు ఉన్న ఒంటి మంచం. రాత్రికి పందొమ్మిది చదరపు అడుగులు చాలు. నవారుదైనా, మడత మంచమైనా, పగలు కూర్చోడానికి పనికొచ్చే దివాన్ కాట్ అయినా ఫరవాలేదు. దాని మీద కూర్చుంటే పాదాలు నేలకి పూర్తిగా ఆనాలి. ముసలివాళ్లకి ఈ ఒక్కటి తప్పితే మిగతావన్నీ వృథా. నవారు సాగి గుంటపడితే పలకలు వేసి పీచు పరుపు పరవాలి. డయాలసిస్ మనిషికి ఇంకో పట్టింపుంది. డయాలసిస్ సూదుల కోసం ఫిస్టులా పెట్టిన చెయ్యి ఒంటి కింద పడి నలగకూడదు. ఎడమ చేతికి పెడితే కుడి పక్కకి తిరిగి పడుకోవాలి, అప్పుడు ముఖం గోడకేసి ఉంటుందా, గదికేసి ఉంటుందా అన్నది మంచం వేసిన తీరును బట్టి ఉంటుంది. రాత్రంతా గోడ చూస్తూ పడుకోమనడం జబ్బు మనిషికి శిక్ష. తల అటు మార్చడానికి, ఇటు మార్చడానికి కదిలే మంచమే కావాలి. ఉత్తరానికి తల పెట్టకూడదనే ఇళ్లలో మరీను. దోమతెరని కూడా విలాసం కింద జమకట్టకండి. బోదకాలు జబ్బు పాతుకుపోయిన జిల్లాలివి, పక్కనే మలేరియా మన్యం. ఆ దోమలు కుట్టేది రాత్రిళ్లే. ఇక మంచంతో పాటు ఆ మనిషికంటూ గోడలో ఒక గూడు, మందులకీ కళ్లజోడుకీ. చెయ్యి చాస్తే అందే స్విచ్చు. మరుగుదొడ్డి దాకా కాలికి ఏదీ తగలని దారి. పగలు ఆ మంచం ఎక్కడికి కదిలినా, రాత్రి మాత్రం అదే చోటికి, అదే వేళకి రావాలి. తొమ్మిదిన్నరకి టీవీ ఆగుతుందని తెలిస్తే చాలామంది పెద్దవాళ్లకి సగం నిద్ర అక్కడే పట్టేస్తుంది.

ఈ మంచం ముందు గదిలో వేయడానికి ఆడవాళ్ల వైపు నుంచి రాగల అభ్యంతరం బలమైనది, దాన్ని దాటేసి మాట్లాడితే అన్యాయం. ముందు గదిలో మామగారో బావగారో పడుకుంటే తెల్లవారుజామున కుళాయి నీళ్లకి లేచే కోడలు ఆయన కాళ్ల పక్క నుంచి నడవాలి. తల దువ్వుకోవాలన్నా, చీర సర్దుకోవాలన్నా ఇల్లంతా ఒకటే గది అయిపోతుంది. ఇల్లు ఇరకటం, ఆలి మర్కటం అని ఒక సామెత ఉంది. ఇరుకుని భరించే మనిషినే వెక్కిరించిన ఆ రెండో ముక్క తయారు చేసినవాడు తెల్లవారుజామున ఎప్పుడూ నీళ్లు పట్టి ఉండడు. దీనికి జవాబు కూడా మంచం కదలడంలోనే ఉంది. గోడకి కరిచిపెట్టిన దివాన్ దారికి అడ్డమైతే అడ్డమే. ఒంటి మంచాన్ని దారికి దూరంగా జరిపి, అడ్డంగా తీగ కట్టి పాత చీర వేలాడదీస్తే ఇద్దరికీ మరుగు. మగ చుట్టమైతే గ్రిల్లు పెట్టిన వసారా మేలు. వచ్చింది ఆడమనిషి అయితే, బాలింత అయితే, ఇంటి మగవాడే మడత మంచం తీసుకుని హాల్లోకి రావడం సబబు. ఎటూ సర్దుకోవలసింది కోడలేననే లెక్క మాత్రం ఇక చెల్లకూడదు.

హాల్లో మంచం వేస్తే ఇల్లు ఆసుపత్రిలా కనిపిస్తుందనే మాటకి నేను పెద్ద విలువ ఇవ్వను. పగలు గోడకి నిలబెట్టే మంచం ఎవరి కళ్లనీ పొడవదు. సుఖంగా పడుకోబెడితే చుట్టం కదలడనే భయం ఇంకోటి. కాన్పుకి వచ్చిన పిల్లకీ, డయాలసిస్‌కి వచ్చిన పెద్దమనిషికీ మన పరుపు మెత్తదనాన్ని చూసి ఉండిపోయే సావకాశం లేదు. ఉండిపోయేవాడిని నడుం నొప్పి పుట్టించి పంపేకన్నా, ఎప్పుడు బయల్దేరతావని నేరుగా అడగడమే గౌరవం. అద్దెకి గది తీసివ్వొచ్చు కదా అనేవారూ ఉంటారు. ఇవ్వగలవాళ్లు ఇవ్వొచ్చు. ఒంటరి గదిలో అర్ధరాత్రి ఆయాసం వస్తే ఎవరిని పిలవాలో కూడా వాళ్లే చెప్పాలి.

చివరికి ఇది ఇల్లు కట్టేవాళ్ల చేతిలో ఉంది. కాలనీ ఇంటి నమూనా గీసే ఇంజనీర్లు ముందు గదిలో తలుపులూ కిటికీలూ అడ్డురాని ఆరున్నర అడుగుల గోడ ఒకటి వదలాలి. దాని పక్కన ఒక స్విచ్చు, ఒక గూడు ఇవ్వాలి. ఖర్చేమీ పెరగదు, తలుపు ఏ మూలకి పెడతామన్నదే తేడా. కాన్పుకి వచ్చిన పిల్ల బిడ్డకి పెంకుటింట్లో ఉయ్యాల కట్టుకోడానికి దూలం ఉండేది. స్లాబు ఇంట్లో ఫ్యాను కొక్కెం తప్ప ఏమీ ఉండదు, ఇల్లు పూర్తయ్యాక స్లాబు తొలవడానికి ఎవరికీ మనసొప్పదు. ఈ వేసవిలో స్లాబు వేసుకునేవారికి ఒక్క మనవి. కాంక్రీటు పోసే ముందురోజు మేస్త్రీతో చెప్పి ముందు గదిలో ఉయ్యాలకి ఒకటి, దోమతెరకి నాలుగు కొక్కేలు కట్టించుకోండి.