పగయే పితృభక్తి యగునా?

షేక్స్పియరు మహాకవి రచించిన హామ్లెట్ విషాదాంత నాటకము 1603వ సంవత్సరమున మొదట అచ్చుపడినది. దానిని జదివినవారిలో గొందఱు హామ్లెట్టు పిఱికివాడనియు, లేయర్టీసే నిజమైన పుత్రుడనియు వాదింతురు. తండ్రి చావునకు బగ దీర్చుకొనుటలో నొకడు జాగు చేసెను, రెండవవాడు విన్నంతనే కత్తి దూసెను. ఇదియే వారి ప్రమాణము. ఈ వాదము నాటకార్థమునకు విరుద్ధము. అంతకంటె ముఖ్యముగా గృహధర్మమునకు హానికరము.

ఇరువురి దుఃఖమును సమానమే. హామ్లెట్టు తండ్రి తోటలో నిద్రించుచుండగా, తమ్ముడైన క్లాడియసు చెవిలో విషము పోసి చంపెను. లేయర్టీసు తండ్రియగు పొలోనియసు తెరచాటున పొంచియుండి హామ్లెట్టు కత్తికి బలియయ్యెను. భేదమెల్ల విచారణయందే కలదు. హామ్లెట్టునకు మొదట దొరకిన సాక్ష్యము ప్రేతము పలికిన పలుకు మాత్రమే. అది తండ్రియో, తన్ను పాపమున ద్రోయవచ్చిన పిశాచమో యని యతడు శంకించి, నటులచే నట్టి హత్యనే యాడించి రాజు ముఖమును పరీక్షించెను. ప్రాణము తీయుటకు ముందు నిజము నరయుట పిఱికితన మగునేని, న్యాయస్థానములన్నియు పిఱికివారి కూటములే కావలెను!

లేయర్టీసు చేసిన దేమి? ఫ్రాన్సునుండి వచ్చి, మూకను వెంటబెట్టుకొని రాజమందిరముపై బడెను. తండ్రి యెట్లు చచ్చెనో చెప్పుమని యడిగెను గాని, హంతకుడైన రాజు చెప్పినదానినే నమ్మెను. నీ శోకము నిజమా, చిత్తరువులోని శోకమా యని రాజు రెచ్చగొట్టగా, దేవాలయమునందైనను హామ్లెట్టు కుత్తుక కోసెద ననెను. కత్తికి విషము పూయుద మన్నవాడును తానే. ఆ విషము నతడు ముందే కొనియుంచెను. ద్వంద్వయుద్ధమునకు ముందు హామ్లెట్టు క్షమాపణ కోరగా, మనసు తృప్తిపడినదనియు, పరువు విషయమున మాత్రము పెద్దలు తీర్పు చెప్పువఱకు సమాధానపడ ననియు బలికెను. పిమ్మట నా విషపుగత్తినే చేపట్టెను. చదువరులారా, శౌర్యమనగా నిదియేనా?

హామ్లెట్టు నిర్దోషి యని నేననను. ప్రార్థించుచున్న రాజును విడిచినది దయచేత గాదు. పాపకార్యమునం దుండగా జంపి నరకమునకు బంపవలెననియే. తెరవెనుక నున్నవా డెవడో చూడక పొడిచిన క్షణమున నతడు లేయర్టీసునకు తోబుట్టువే. అంతవఱకు విచారించినవాడు విచారణ మానినంతనే చంపదగనివాడు చచ్చెను. ఇది నా వాదమునకు బాధకము గాదు, బలము.

ఈ పగల నడుమ నలిగిన ఓఫీలియాను మఱచుట యన్యాయము. తండ్రి యామెను రాకుమారుని మనసెఱుగుటకు ఎరగా నిలిపెను. అన్న శీలోపదేశము చేసి పరదేశము పోయెను. ప్రియుడు తూలనాడెను. మతి చలించి నీట మునిగి మరణించిన పిదప, అన్నయు ప్రియుడును సమాధిగోతి యొద్ద కలియబడి, నేనెక్కువ ప్రేమించితి ననగా నేనెక్కువ యని పోటీపడిరి! బ్రదికియుండగా నేయొక్కని ప్రేమయు నామె కక్కఱకు రాలేదు.

తుదకు లేయర్టీసు తన విషముచేతనే కూలి, రాజు దోషమును వెల్లడించి, హామ్లెట్టుతో పరస్పర క్షమ గోరెను. ఆ క్షమ యొక్క గడియ ముందు కలిగినచో నిరువురును బ్రదికియుందురు. డెన్మార్కు సింహాసనమో, తండ్రి కోల్పోయిన భూములకై దండెత్తబోయి, పినతండ్రి మందలింపగా మానుకొన్న ఫార్టిన్‌బ్రాసు పాలయ్యెను.

పరువు పేర ఆడుబిడ్డలను, వారు వరించినవారిని చంపుట నేటికిని మన దేశమున సమసిపోలేదు. అట్టి హంతకులను రోషము గలవారని మెచ్చుకొను నోళ్లును గలవు. కావున లేయర్టీసును పుత్రులకు ఆదర్శముగా జూపు పెద్దలు తెలిసికొనవలసినది యిది: పగను వారసత్వముగా నిచ్చువారు బిడ్డల చేతికి విషపుగత్తి నిచ్చుచున్నారు. ఆ కత్తి మొదట నెవ్వరిని గోసినను, మరల నింటికే వచ్చును.