ఊరి ఇంటర్నెట్ ఒక్కడి బుర్రలో ఉంటే...

ఇంట్లో వైఫై పోతే ఏం చేస్తాం? రౌటర్ ఆపి మళ్లీ వేస్తాం. అప్పటికీ రాకపోతే కేబుల్ ఆయనకి ఫోన్ కొడతాం. ఆయన లైన్‌మేన్‌కి కొడతాడు. ఆ లైన్‌మేన్ బండేసుకుని వెళ్లి సరిగ్గా ఒక స్తంభం దగ్గర ఆగి, సరిగ్గా ఒక డబ్బా తెరుస్తాడు. పది నిమిషాల్లో మన రీల్స్ మనకొచ్చేస్తాయి.

అంత సరిగ్గా ఎలా వెళ్లాడు? ఏ స్తంభం మీద ఏ డబ్బా ఉంది, అందులోంచి వైరు ఎటు పోయింది, ఇదంతా ఆ మనిషి బుర్రలో ఉంది కాబట్టి. మరి ఆ మనిషే ఊళ్లో లేకపోతే?

మా రాజోలులో ఓ చిన్న ఆపరేటర్‌కి ఈ మధ్య ఇదే తంటా వచ్చింది. పేరెందుకులెండి, నాకు బాబాయ్ వరస. ఆయన దగ్గర ఏళ్ల తరబడి పనిచేస్తున్న లైన్‌మేన్‌కి కువైట్ వీసా వచ్చింది. కోనసీమలో గల్ఫ్ వీసా అంటే ఆ ఇంట్లో పండగే. బాబాయ్ ఇంట్లో మాత్రం నిద్ర లేదు. విమానానికి 12 రోజులే టైముంది.

"అబ్బాయ్, ఆడి బుర్రలో ఉన్నదంతా కంప్యూటర్లోకి ఎక్కించే సాఫ్ట్‌వేరేదన్నా ఉందేటి?" అని ఫోన్ చేశారు.

"ఉందండి బాబాయ్. కాకపోతే సగమే ఎక్కుతుంది" అన్నాను. ఆ సగం ఏమిటో, మిగతా సగం ఏమిటో చెప్పడమే ఈ వారం సంగతి.

మోరి నుంచి మొదలెడదాం

ఇంటర్నెట్‌లో మన ప్రాంతానికి ఓ చరిత్ర ఉంది. మన పక్కనే సఖినేటిపల్లి మండలంలోని మోరి, జీడిపప్పు మోరి. 2016 డిసెంబర్ 29న అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఏపీ ఫైబర్‌నెట్ సేవల్ని ప్రారంభించింది ఆ ఊళ్లోనే. నెలకి 149 రూపాయలకే నెట్, టీవీ, ఫోన్ అన్న మాట అప్పుడే విన్నాం. రోడ్లు తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగానే ఫైబర్ లాగేశారు. ఆ ఊరివాడే అయిన సోలమన్ డార్విన్, అమెరికాలో బర్క్‌లీ యూనివర్సిటీ ప్రొఫెసర్, మోరిని స్మార్ట్ విలేజ్‌కి నమూనాగా ఎంచుకున్నారు.

ఈ బర్క్‌లీ పేరు గుర్తుపెట్టుకోండి. కాసేపట్లో మళ్లీ వస్తుంది.

నెట్‌డిస్కో అనే లెక్కల గుమాస్తా

మేం ఎంచుకున్న సాఫ్ట్‌వేర్ పేరు నెట్‌డిస్కో. పేరులో డిస్కో ఉంది కదాని డాన్సనుకోకండి, డిస్కవరీకి పొట్టి పేరు అది. 2003 నాటిది, కాలిఫోర్నియా యూనివర్సిటీవాళ్ల శాంటా క్రజ్ క్యాంపస్‌లో పుట్టింది. పెర్ల్ భాషలో రాశారు. ఉచితం, ఎవరైనా వాడుకోవచ్చు. అది తన లెక్కలన్నీ దాచుకునే డేటాబేస్ పేరు పోస్ట్‌గ్రెస్. ఆ పోస్ట్‌గ్రెస్ పుట్టింది 1986 ప్రాంతంలో, ఇంకెక్కడ, బర్క్‌లీలోనే! మోరికి, మా బాబాయ్ సర్వర్‌కి ఇలా ఓ చుట్టరికం కలిసింది.

ఇది చేసే పని చాలా సింపుల్. మనం ఒక్క స్విచ్ అడ్రస్ ఇస్తే చాలు. "నీ పేరేంటి, మోడలేంటి, సీరియల్ నంబరెంత, నీకెన్ని పోర్టులు, నీ పక్కనెవరున్నారు?" అని ఆ స్విచ్‌ని అడుగుతుంది. అది చెప్పిన పక్కవాడి దగ్గరికెళ్లి అవే ప్రశ్నలు వేస్తుంది. అలా ఒకరి నుంచి ఒకరికి వెళ్తూ నెట్‌వర్క్ మొత్తం రాసేసుకుంటుంది. జనాభా లెక్కలాయన వీధిలో ఇంటింటికీ తిరిగినట్టన్నమాట.

ఈ ప్రశ్నలడిగే భాష పేరు ఎస్‌ఎన్‌ఎంపీ. 1988 నుంచి ఉంది. పక్కవాడెవరో స్విచ్‌లు ఒకదానికొకటి చెప్పుకునే భాష ఎల్‌ఎల్‌డీపీ. ఈ రెండూ స్విచ్‌లలో ఆన్ చేసి ఉండాలి. లేకపోతే ఎన్నిసార్లు అడిగినా ఉలుకూ పలుకూ ఉండదు.

ఎక్కించిన తీరు

బాబాయ్ ఆఫీసులో మూలన పడున్న పాత కంప్యూటర్‌ని దులిపి డెబియన్ లినక్స్ వేశాం. యునిక్స్ కుటుంబంలో అన్నీ పద్ధతిగా నడుస్తాయి, పద్ధతి తప్పితే మాత్రం ముందుకి కదలవు. మీలో ఎవరైనా చేద్దామనుకుంటే వరస ఇదీ.

ముందుగా పోస్ట్‌గ్రెస్, పెర్ల్‌కి కావాల్సిన ఎస్‌ఎన్‌ఎంపీ లైబ్రరీ, కంపైలర్ ప్యాకేజీలు దింపుకోవాలి. తర్వాత నెట్‌డిస్కో పేరుతోనే విడిగా ఒక యూజర్‌ని తయారుచేయాలి. రూట్‌గా నడపొద్దు. రూట్ అంటే ఇంటి తాళాలన్నీ ఉన్న గుత్తి. లెక్కలు రాయడానికొచ్చిన గుమాస్తాకి బీరువా తాళం దేనికి?

ఆ తర్వాత పోస్ట్‌గ్రెస్‌లో దీనికో డేటాబేస్, దానికో పాస్‌వర్డ్. అప్పుడు ఆ కొత్త యూజర్‌గా లాగిన్ అయి నెట్‌డిస్కోని దింపాలి. పెర్ల్ ముక్కలు ఒక్కోటీ వచ్చి కూర్చోడానికి టైం పడుతుంది. మాకు రెండు టీలు పట్టింది.

తర్వాతది సెట్టింగుల ఫైలు. డేటాబేస్ పాస్‌వర్డు, ఎస్‌ఎన్‌ఎంపీ రహస్యపదం ఇందులోనే రాయాలి. ఇది యామల్ పద్ధతిలో ఉంటుంది. అంటే వరస మొదట్లో వదిలే ఖాళీలకి కూడా అర్థముంటుంది. ట్యాబ్ నొక్కారో, పని చేయదు. స్పేస్‌బారే వాడాలి. పాస్‌వర్డులున్న ఫైలు కాబట్టి వేరే యూజర్లెవరూ చదవకుండా పర్మిషన్లు బిగించాలి.

ఇక డిప్లాయ్ కమాండ్ ఇస్తే అవునా, కాదా అని కొన్ని ప్రశ్నలడుగుతుంది. కంపెనీల జాబితా, పరికరాల భాష అర్థం చేసుకునే ఫైళ్లు తనే దింపుకుంటుంది. ఆఖర్న రెండు సర్వీసులు మొదలెట్టాలి. ఒకటి మనకి పేజీ చూపించేది, 5000 పోర్టులో కనిపిస్తుంది. రెండోది వెనకాల తిరిగి లెక్కలు తెచ్చేది. ఈ రెండోదాన్ని మొదలెట్టకపోతే పేజీ చక్కగా తెరుచుకుంటుంది గానీ లోపల ఏమీ ఉండదు.

ఒక జాగ్రత్త. చాలా స్విచ్‌లలో ఎస్‌ఎన్‌ఎంపీ రహస్యపదం 'పబ్లిక్' అనే ఉంటుంది. పేరులోనే రహస్యం లేదు! మార్చేయండి. చదవడానికి మాత్రమే అనుమతివ్వండి. పాత వెర్షన్లలో ఈ పదం దాపరికం లేకుండా వైరు మీద పోతుంది. పరికరం ఒప్పుకుంటే మూడో వెర్షన్ వాడండి, అందులో ఎన్‌క్రిప్షన్ ఉంది.

తెర మీద తేలిన నిజం

బాబాయ్ నోట్‌బుక్‌లో స్విచ్‌లు 23. నెట్‌డిస్కో తెచ్చిన లెక్క 27. ఆ నాలుగూ ఎక్కడివి? లైన్‌మేన్ నవ్వాడు. "పిడుగులు పడ్డప్పుడు కాలిపోయినవాటి బదులు పెట్టినయ్యండి. రాత్రి పూట ఎవరు రాత్తారండి?" అన్నాడు. శివకోడు వైపు ఒకటి, మలికిపురం రోడ్డులో రెండు, ఇంకోటి ఓ డాబా మీద. ఈ కుర్రాడు విమానం ఎక్కేసుంటే ఆ నాలుగింటి సంగతి ఇంకెవరికీ తెలిసేది కాదు.

ఇక మిగతా సగం సంగతి. నెట్‌డిస్కోకి జవాబు చెప్పగలిగే పరికరమే కనిపిస్తుంది. చవక స్విచ్‌లకి ఎస్‌ఎన్‌ఎంపీ రాదు. ఫైబర్‌ని చీల్చి ఇంటింటికీ పంచే స్ప్లిటర్‌కి అసలు కరెంటే ఉండదు, నోరెక్కడిది? కొబ్బరితోటలో స్తంభం మీద డబ్బాలో కూర్చున్న స్ప్లిటర్‌ని ఏ సర్వరూ కనిపెట్టలేదు. దాన్ని మనిషే చూపించాలి.

అందుకే మిగిలిన రోజుల్లో లైన్‌మేన్ వెనక బండి మీద బాబాయ్ కొడుకుని కూర్చోబెట్టాం. ప్రతి డబ్బాకీ ఫొటో, లొకేషన్ పిన్, డబ్బా మీద పెయింటుతో నంబరు. నోరున్న స్విచ్‌లలో లొకేషన్ అనే గడి ఉంటుంది, అందులో ఆ నంబరు ఎక్కించాం. ఇంగ్లిష్ అక్షరాల్లోనే రాయాలి, ఆ గడి తెలుగు లిపి కోసం చేసింది కాదు. ఇప్పుడు నెట్‌డిస్కోలో స్విచ్ పేరు నొక్కితే అది ఏ స్తంభమో కూడా తెలుస్తుంది.

పదో రోజు సాయంత్రం పరీక్ష పెట్టాం. తాటిపాక వైపు ఓ ఇంట్లో నెట్ లేదని ఫోన్ వస్తే లైన్‌మేన్‌ని కుర్చీలోంచి లేవనివ్వలేదు. కొత్త కుర్రాడు తెర చూసి, పోర్టు చూసి, డబ్బా నంబరు చూసి వెళ్లాడు. పాతాయనకంటే పావుగంట ఎక్కువ పట్టింది. కానీ ఎవర్నీ అడక్కుండా చేసుకొచ్చాడు. లైన్‌మేన్ మొహంలో అప్పుడు సంతోషమూ ఉంది, చిన్న దిగులూ ఉంది. తన అవసరం తీరిపోతుంటే ఎవరికైనా అంతేగా! "నేనెళ్లినా ఊరికి నెట్ పోదండి. ఆయ్, అది చాలండి" అన్నాడు.

మరి మీ ఇంట్లో?

సర్వర్ లేకపోయినా ఈ పని మీరూ చేయొచ్చు. ఫింగ్ లాంటి యాప్ వేసుకుని మీ ఇంటి వైఫైకి ఏయే పరికరాలు తగులుకున్నాయో చూడండి. టీవీ, కెమెరా, పక్కింటివాళ్ల ఫోన్, అన్నీ బయటపడతాయి. ఫోన్ల దగ్గర ఒక తిరకాసుంది. ఆండ్రాయిడ్ 10, ఐఫోన్‌లో ఐఓఎస్ 14 వచ్చినప్పటి నుంచి ఫోన్లు తమ అసలు మ్యాక్ అడ్రస్ చెప్పకుండా ఒక్కో వైఫైకి ఒక్కో దొంగ అడ్రస్ చెబుతాయి. మన గోప్యత కోసమేలెండి. అందుకని కంపెనీ పేరు తెలియని పరికరం కనిపించగానే హ్యాకరని కంగారుపడకండి. ముందు అమ్మ ఫోనేమో చూడండి.

అలాగే మీ ఇంటి వైఫై పాస్‌వర్డు, రౌటర్ పాస్‌వర్డు, కేబుల్ ఆయన నంబరు ఒక్క మీ బుర్రలోనే ఉంటే, ఈ ఆదివారం ఓ కాగితం మీద రాసి అమ్మ బీరువాలో పెట్టండి. రేపు మీకూ హైదరాబాదో, కువైటో వీసా రావచ్చు కదా!