వాన కబురు ఎవరి చెవిన పడుతోంది?

వాతావరణ సూచనను మనం ఇంతకాలం హక్కుల సమస్యగా చూడలేదు. అది శాస్త్రజ్ఞులు చెప్పేది, రైతు వినేది అనుకుని ఊరుకున్నాం. కానీ ఆ ‘రైతు’ అన్న మాటలో నాట్లు వేసే స్త్రీ, కలుపు తీసే స్త్రీ, కోత కోసే స్త్రీ ఉందా? భూమి హక్కు విషయంలో మనం అడుగుతూ వస్తున్న ఈ ప్రశ్నను వాన కబురు విషయంలోనూ అడగాలి.

అనకాపల్లి జిల్లాలోని యలమంచిలి ప్రాంతాన్నే తీసుకుందాం. శారద, వరాహ నదుల నేల ఇది. సముద్రం ఎంతో దూరం లేదు. వరి, చెరకు, నువ్వు ఇక్కడి పంటలు. యలమంచిలి వ్యవసాయ పరిశోధనా కేంద్రం నువ్వుల పరిశోధనకు పేరు పొందింది. అక్కడ రూపొందిన వరాహ, శారద రకాలకు ఆ నదుల పేర్లే పెట్టారు. నువ్వు చేలో నీరు నిలిస్తే మొక్క చనిపోతుంది. కోసి కట్టలు నిలబెట్టాక తడిస్తే గింజ రంగు మారి ధర పడిపోతుంది. ఆ కలుపు తీత, ఎండబెట్టడం, దులపడం, చెరగడం చాలావరకు ఆడవాళ్ళ చేతుల మీదే జరుగుతాయి. ఇక వరి కోతల కాలమూ తుఫాన్ల కాలమూ దాదాపు ఒక్కటే. ఇంత పని చేసే మనిషికి రేపటి వాన గురించి చెప్పవలసిన బాధ్యత ఎవరిది?

శాస్త్రం ముందుకు పోలేదని నేను అనడం లేదు. 1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెన వేలాది మందిని పొట్టన పెట్టుకుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు ఆ సంగతి రోజుల ముందే తెలిసింది. లక్షలాది మందిని తరలించారు. మన రాష్ట్రంలో మరణాలు పదుల సంఖ్యకే పరిమితమయ్యాయి. ఇది చిన్న విజయం కాదు. 2024 అక్టోబర్ 24న కేంద్రం గ్రామ పంచాయతీ స్థాయి వాతావరణ సూచనలు కూడా మొదలుపెట్టింది. అయితే అదే సంవత్సరం, సూచనను రైతుకు అర్థమయ్యే సలహాగా మార్చి చెప్పే జిల్లా వ్యవసాయ వాతావరణ విభాగాలను దేశవ్యాప్తంగా 199 చోట్ల మూసేశారు. యాప్ వచ్చింది, మనిషి పోయాడు.

ఆ యాప్ ఎవరి చేతిలో ఉంది? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో తాము స్వయంగా వాడుకునే ఫోను ఉన్న స్త్రీలు సగం కూడా లేరు. ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడినవారు స్త్రీలలో సుమారు ఐదుగురికి ఒక్కరు, పురుషులలో దాదాపు సగం మంది. పిడుగు పడబోతోందని ‘దామిని’ యాప్ హెచ్చరిస్తుంది. ఆ సమయానికి ఫోను మగవాడి జేబులో ఉంటుంది, స్త్రీ మడిలో వంగి నాటు వేస్తూ ఉంటుంది.

దీని పర్యవసానం ఎలా ఉంటుందో 1991లో బంగ్లాదేశ్ తుఫాను చూపించింది. 20–44 ఏళ్ళ వయసువారిలో ప్రతి వెయ్యి మందికి పురుషులు 15 మంది చనిపోతే, స్త్రీలు 71 మంది చనిపోయారు. హెచ్చరిక బజారులో ఉన్న మగవాళ్ళకు అందింది. ఇంట్లో ఉన్న స్త్రీకి అందలేదు. అందినచోట కూడా భర్త రాకుండా, పిల్లల్ని వదిలి, ఒంటరిగా ఇల్లు దాటే స్వేచ్ఛ ఆమెకు లేదు. ఆమెను చంపింది గాలి ఒక్కటే కాదు.

యలమంచిలి చుట్టుపక్కల ఊళ్ళలో కూలి స్త్రీలతో మాట్లాడినప్పుడు ఒకామె నాతో అన్నది: “వాన వస్తాదని తెలిస్తే మాత్రం ఏటి సేస్తాం తల్లీ? కప్పుదారంటే బరకం లేదు, పన్లోకి ఎల్లకపోతే కూలి లేదు.” అసలు సమస్య అంతా ఈ మాటలో ఉంది. కబురు అందడం సగం హక్కే. విన్నదాని మీద నిర్ణయం తీసుకోగలగడం మిగతా సగం. పని మానేస్తే ఆ పూట పొయ్యి వెలగని మనిషికి ఎంత కచ్చితమైన సూచన ఇచ్చినా అది భయాన్ని పెంచుతుందే గాని రక్షణ ఇవ్వదు.

మార్గాలు లేకపోలేదు. 2024 వేసవిలో ఎండ హద్దు దాటినప్పుడు గుజరాత్, రాజస్థాన్, మహారాష్ట్రలలో ‘సేవా’ సంస్థ సభ్యులైన సుమారు 50,000 మంది స్త్రీలకు తలా 400 రూపాయలు అందాయి. కోల్పోయే కూలికి అది చాలదు. కానీ వాతావరణానికీ కూలికీ సంబంధం ఉందని ఒప్పుకున్న చర్య అది.

మనం అడగవలసినవి స్పష్టంగా ఉన్నాయి. కూలీలు పనికి బయలుదేరక ముందే, తెల్లవారుజామున, ఆ రోజు వాన, పిడుగు, ఎండ కబురు మైకులో వినిపించాలి. అది పంచాయతీ ఆఫీసు దగ్గర ఆగిపోకుండా దళితవాడకూ మత్స్యకారుల పేటకూ చేరాలి. హెచ్చరిక మొదట మహిళా సంఘాలకు అందాలి. నూర్పిడి కాలంలో బరకాలు సంఘం చేతిలో ఉండాలి. హెచ్చరిక ఉన్న రోజున పని ఆపితే ఆ కూలి నష్టాన్ని ప్రభుత్వం భరించాలి. పంట నష్టం లెక్క రాసేటప్పుడు పట్టాదారు పేరుతో సరిపెట్టకుండా కౌలు చేసిన స్త్రీ పేరూ, కూలి పోయిన స్త్రీ పేరూ రాయాలి.

ఐక్యరాజ్యసమితి 2027 నాటికి భూమ్మీద ప్రతి ఒక్కరికీ ముందస్తు హెచ్చరిక అందాలని లక్ష్యం పెట్టుకుంది. ‘ప్రతి ఒక్కరికీ’ అన్నప్పుడు లెక్కలోంచి ముందుగా జారిపోయేది ఎవరో మనకు అనుభవమే. మన మండలంలో ఈ సీజన్‌లో ఎన్ని హెచ్చరికలు వచ్చాయి, వాటిలో ఎన్ని పొలంలో ఉన్న స్త్రీకి చేరాయి, చేరినప్పుడు ఆమె ఏం చేయగలిగింది? ఈ మూడు ప్రశ్నలతో ప్రతి సంఘం ఒక నోటు పుస్తకం తెరిస్తే చాలు, తహసీల్దారు ముందు పెట్టడానికి మన లెక్క మన చేతిలో ఉంటుంది.