పదహారు వేల పేర్లలో మనవాళ్లెందరు?

2020లో దేశమంతా లాక్‌డౌన్ మొదలైన మార్చి 25 ఉగాది పండుగ రోజు. జాతరలు, పెళ్లిళ్లు ముమ్మరంగా సాగే కాలం. ఆడి పాడి బతికేవాళ్లు ఏడాదికి సరిపడా గింజలు ఇంటికి తెచ్చుకునేది అప్పుడే. 2021లోనూ ఏప్రిల్ చివర మళ్లీ అన్నీ మూతపడ్డాయి. వరుసగా రెండు సీజన్లు పోయాయి.

కర్ణాటక ప్రభుత్వం 2021 మే 19న 1,250 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించింది. అందులో కళాకారులకు, కళాబృందాలకు 3,000 రూపాయల చొప్పున ఇస్తామంది. లెక్కకు వచ్చినవారు 16,095. మొత్తం కలిపితే ఐదు కోట్లు కూడా కాదు. ప్యాకేజీలో ప్రతి వంద రూపాయలకు నలభై పైసల లోపే. ఆ 3,000తో ఒక కుటుంబం ఎన్నాళ్లు తింటుందో అందరికీ తెలుసు. మమ్మల్ని ఇంకా ఎక్కువ కలవరపెట్టేది 16,095 అన్న అంకె. ఆరు కోట్లు దాటిన రాష్ట్రంలో ఆడేవాళ్లు, పాడేవాళ్లు, వాయించేవాళ్లు అంతమందేనా?

బళ్లారి ప్రాంతపు దరోజి ఈరమ్మ గారిని తలచుకోండి. బుడగ జంగం ఇంటి బిడ్డ. ఆ కులంవాళ్లు ఇంట్లో తెలుగు మాట్లాడుకుని ఊళ్లో కన్నడంలో కథ చెబుతారు. ఆమెకు అక్షరం రాదు, అయినా రాత్రుళ్ల తరబడి సాగే బుర్రకథలు నోటికి వచ్చేవి. హంపి కన్నడ విశ్వవిద్యాలయం నాడోజ బిరుదుతో గౌరవించింది. 2014లో కన్నుమూశారు. ఆమె ఇవాళ బతికి ఉండి, బిరుదులేవీ లేకుండా ఉంటే? సేవాసింధు పోర్టల్‌లో దరఖాస్తు పెట్టు, ఆధార్ జతచేయి, కళాసేవకు రుజువు చూపించు అంటే ఏం చేసేవారు? పగటివేషగాడికి ఊరివాళ్ల జ్ఞాపకమే రుజువు. దాన్ని ఏ స్కానరూ తీసుకోదు.

క్రిస్మస్ ఊరేగింపులో బ్యాండు వాయించే మన పేటల కుర్రాళ్లు తాము కళాకారులమని ఎక్కడా రాయించుకోలేదు. సాయంత్రాలు పిల్లలకు కబడ్డీ నేర్పి నాలుగు రూపాయలు తెచ్చుకునే కోచ్ దగ్గరా కాగితం ముక్క ఉండదు.

బ్రిటన్ 2020 జూలైలో కళలకు, సంస్కృతికి 157 కోట్ల పౌండ్లు, నవంబరులో ఆటలకు 30 కోట్ల పౌండ్లు ప్రకటించింది. అంత డబ్బున్న చోట కూడా సాయం ముందు సంస్థలకు చేరింది. ఏ సంస్థలోనూ ఉద్యోగం లేక విడిగా పనిచేసుకునే కళాకారులు, సాంకేతిక పనివాళ్లు తమకేమీ అందలేదని మొత్తుకున్నారు. పేరు నమోదైన వాడికే సాయం అన్న పద్ధతి ఎక్కడైనా ఇలాగే పనిచేస్తుంది.

ప్రభుత్వాన్ని మేం అడిగేది ఒకటే. కళాకారుడన్న ధ్రువీకరణను గ్రామ పంచాయతీకి, వార్డు ఆఫీసుకు వదిలేయండి. పోర్టల్ రాని వాళ్ల దగ్గర కాగితం మీదే దరఖాస్తు తీసుకోండి.

మనల్నీ ఒక మాట అనుకోవాలి. ఆ లాక్‌డౌన్‌ల కాలంలో బియ్యం సంచులు పంచాం, ఫొటోలు దిగాం, పేర్లు మాత్రం రాసుకోలేదు. ఫోను చేతిలో ఉన్న యువతీ యువకులు ఈ వారమే పేటలో తిరగండి. డప్పు, బ్యాండు, బుర్రకథ, వేషం, ఆట - ఎవరికి ఏది వచ్చో, ఎన్నేళ్లుగా చేస్తున్నారో, ఆధార్, బ్యాంకు ఖాతా ఉన్నాయో లేవో రాసుకోండి. పక్కన కూర్చుని దరఖాస్తు నింపండి. ఆ జాబితా నకలు ఒకటి జిల్లా కన్నడ సంస్కృతి శాఖ ఆఫీసులో ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకుని రండి.