నీటి ఒడ్డుకు బస్సెక్కి వెళ్దాం

సాయంత్రం పూట కాసేపు నీటి పక్కన నడిచి రావాలంటే కారుండాలని హైదరాబాదులో చాలామంది అనుకుంటారు. నిజానికి అక్కర్లేదు. హుస్సేన్‌సాగర్ దగ్గర ఎంఎంటీఎస్ లోకల్ రైలు స్టేషన్లు రెండున్నాయి: నెక్లెస్ రోడ్డు, సంజీవయ్య పార్కు. ట్యాంక్‌బండ్ మీదుగా సికింద్రాబాదుకూ కోఠీకీ మధ్య పొద్దస్తమానం సిటీ బస్సులు తిరుగుతూనే ఉంటాయి. మూసీ నది ఒడ్డునైతే ఏకంగా మహాత్మాగాంధీ బస్‌స్టేషనే (ఎంజీబీఎస్) ఉంది. దాని పక్కనే రెండు మెట్రో లైన్లు కలిసే స్టేషనుంది. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. నీళ్ల దాకా మనిషిని చేర్చే ఏర్పాటు ఈ నగరానికి ఇప్పటికే ఉందన్నమాట. బస్సో రైలో దిగిన చోటి నుంచి ఒడ్డు దాకా ఉన్న ఆ కాస్త దూరాన్నే మనం గాలికొదిలేశాం. ఈ నగరంలో నీటి ఒడ్డు ఎవరిదో తేల్చేది ఆ కాస్త దూరమే.

ముందు హుస్సేన్‌సాగర్ సంగతి చూద్దాం. నెక్లెస్ రోడ్డు స్టేషనులో దిగి, రోడ్డు దాటి, దక్షిణం వైపు నడక మొదలుపెట్టండి. ఇప్పుడు ఆ రోడ్డు పేరు పీవీ నరసింహారావు మార్గ్. ఖైరతాబాద్ ఫ్లైఓవర్ దగ్గర ఎడమకు తిరిగితే ఎన్టీఆర్ మార్గ్. అక్కడ 2023లో నిలబెట్టిన 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం, ఎన్టీఆర్ గార్డెన్, లుంబినీ పార్కు, ఎదురుగా కొత్త సచివాలయం. ఇంకాస్త ముందుకెళ్లి మళ్లీ ఎడమకు తిరిగితే ట్యాంక్‌బండ్. మొత్తం ఐదు కిలోమీటర్లు అటూ ఇటూ. ఎక్కడా ఎక్కుడు లేదు, దిగుడు లేదు. మొదటి నుంచి చివరి దాకా నీళ్లు ఎడమచేతి వైపే ఉంటాయి కాబట్టి కొత్తవాళ్లు కూడా దారి తప్పరు. కాళ్లు నొప్పి పుడితే మధ్యలో ఆపేసి బస్సెక్కి ఇంటికెళ్లిపోవచ్చు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకూ, పసిపిల్లను చంకనేసుకున్న తల్లికీ ఇంతకంటే తేలికైన నడక ఈ ఊళ్లో దొరకదు.

పైగా నడిచేది మామూలు నేల మీద కాదు. ట్యాంక్‌బండ్ పదహారో శతాబ్దంలో, ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో, హుస్సేన్ షా వలీ కట్టించిన చెరువు కట్ట. 1591లో చార్మినార్ లేచేనాటికే ఆ చెరువులో నీళ్లున్నాయి. కట్ట పొడవునా 1980లలో ఎన్టీ రామారావు ప్రభుత్వం నిలిపిన విగ్రహాలున్నాయి. వేమన, పోతన, మొల్ల, అన్నమయ్య, గురజాడ, జాషువా, శ్రీశ్రీ, మఖ్దూం మొహియుద్దీన్, ఆర్థర్ కాటన్ అందరూ అక్కడున్నారు. 2011 మార్చి 10న తెలంగాణ ఉద్యమకారుల మిలియన్ మార్చ్‌లో కొన్ని కూలిపోతే తర్వాత మళ్లీ నిలబెట్టారు. కారులో పోయేవాళ్లకు అవి ఎవరివో కూడా తెలియదు. నడిచేవాళ్లు ఒక్కో విగ్రహం ముందు ఆగి పిల్లలకు పేరు చదివి చెప్పవచ్చు. చెరువు నడుమనున్న బుద్ధ విగ్రహం 1990లో తరలిస్తుండగా నీళ్లలో మునిగింది. కొందరి ప్రాణాలు పోయాయి. రెండేళ్లకు పైగా చెరువు అడుగున ఉండి, 1992 డిసెంబరులో లేచి నిలబడింది. ఇంత కథ ఉన్న ఒడ్డు మనది.

మరి అడ్డం ఏమిటి? రోడ్డు. ట్యాంక్‌బండ్ మీద బస్సు దిగినవాళ్లలో సగం మంది నీళ్లను చేరాలంటే వాహనాల వరదకు అడ్డంపడి దాటాలి. లక్డీకాపూల్ మెట్రోలో దిగి లుంబినీ పార్కుకు నడిచి వెళ్లాలనుకునేవాళ్లకు ఫ్లైఓవర్లూ, వెడల్పాటి కూడళ్లూ అడుగడుగునా ఎదురవుతాయి. ఎంఎంటీఎస్ రైళ్ల మధ్య ఎడం ఎక్కువ. ఒకటి తప్పిపోతే మళ్లీ ఎప్పుడొస్తుందోనని ఎదురుచూడాలి. 2021 ఆగస్టులో ఆదివారం సాయంత్రాలు ట్యాంక్‌బండ్ మీద వాహనాలు ఆపేసినప్పుడు జనం ఎలా తరలివచ్చారో నగరమంతా చూసింది. పిల్లలు రోడ్డు మధ్యలో పరుగులు తీశారు. నడవాలన్న కోరిక జనంలో లేదని ఇకనెవరూ అనలేరు.

ఇక మూసీ. చరిత్ర ఇష్టపడేవాళ్లకు ఈ నడక ముందు హుస్సేన్‌సాగర్ కూడా చిన్నబోతుంది. ఎంజీబీఎస్ మెట్రోలో దిగి ఉత్తరపు ఒడ్డు వెంట పడమటికి నడిస్తే అఫ్జల్‌గంజ్‌లో స్టేట్ సెంట్రల్ లైబ్రరీ వస్తుంది. ఒకప్పటి అసఫియా లైబ్రరీ అదే. ఆ తర్వాత ఉస్మానియా ఆసుపత్రి. నయాపూల్ మీదుగా నది దాటితే కుడిచేతి వైపు హైకోర్టు, ఎడమచేతి వైపు సాలార్‌జంగ్ మ్యూజియం. హైకోర్టు దాటి పడమటికి సాగితే సిటీ కాలేజీ, ఆ పైన పురానాపూల్. 1578లో కట్టిన ఆ వంతెన చార్మినార్ కంటే 13 ఏళ్లు పెద్దది. గోల్కొండ నుంచి వచ్చే దారి నది దాటింది దాని మీదుగానే. పురానాపూల్ నుంచి చాదర్‌ఘాట్ దాకా నాలుగు కిలోమీటర్ల లోపే. అంత కొద్ది దూరంలో నాలుగు శతాబ్దాల హైదరాబాదు ఉంది.

ఆ భవనాలు అక్కడ వరసగా ఎందుకున్నాయో తెలిస్తే నది మీద మన చూపే మారిపోతుంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ఊడ్చేసింది. వేలమంది చనిపోయారు. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లినీ, భార్యనూ, బిడ్డనూ ఆ వరదలోనే పోగొట్టుకున్నాడు. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది బతికారని ఇప్పటికీ చెప్పుకుంటారు. తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన సలహాతో ఎగువన ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో తయారయ్యాయి. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ముంచిన నదికి భయపడి పారిపోకుండా గట్లు కట్టారు, తోటలు వేశారు. ఇంగ్లిషు వాస్తుశిల్పి విన్సెంట్ ఎష్ చేతుల మీదుగా హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి, సిటీ కాలేజీ ఆ ఒడ్డునే లేచాయి. న్యాయం, వైద్యం, చదువు మూడింటినీ నది ఎదుట నిలబెట్టిన నగరం ఇది. అంత పెద్ద దెబ్బ తిన్నవాళ్లే ఒడ్డును జనానికిచ్చారు. ఏ దెబ్బా తినని మనం దాన్ని మురుగుకూ చెత్తకూ వదిలేశాం.

మూసీ కంపు కొడుతుంటే ఎవరు నడుస్తారని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. నాలాల మురుగు శుద్ధి కాకుండా నదిలో కలిసినంత కాలం ముక్కు మూసుకోక తప్పదు. అయితే కంపు పోయాక నడుద్దామంటే అది ఎప్పటికీ పోదు. వంతెన మీద బస్సు అద్దం మూసుకుని దాటిపోయేవాళ్లు నది గురించి ఎవరినీ నిలదీయరు. రోజూ ఒడ్డున నడిచేవాళ్లు నిలదీస్తారు. ఏ నాలా ఎక్కడ కలుస్తోందో, ఏ రాత్రి ఎవరు చెత్త పారబోశారో వాళ్లకే తెలుస్తుంది. నదికి కాపలా కావాలంటే ముందు దాని పక్కన మనుషులు తిరగాలి.

మూసీని నగరం పొడవునా బాగుచేస్తామని ప్రభుత్వం పెద్ద పథకమే తలపెట్టింది. 2024లో నదీగర్భంలోని ఇళ్లకు గుర్తులు వేసినప్పుడు రేగిన గొడవ మనకు గుర్తుంది. నా మాట సూటిగా చెబుతాను. ఒడ్డున బతుకుతున్నవాళ్లకు వేరే గూడు చూపకుండా వెళ్లగొట్టి, వాళ్ల నేల మీద పరిచే నడకదారి ఎంత అందంగా ఉన్నా నగరానికి పరువు తేదు. పెద్ద హోటళ్లూ అద్దాల మేడలూ తర్వాత. ముందు పురానాపూల్ నుంచి చాదర్‌ఘాట్ దాకా తెగకుండా ఒక ఫుట్‌పాత్ వేయండి. ఎంజీబీఎస్ మెట్రో మెట్లు దిగినవాళ్లకు నది ఎటుందో చెప్పే బోర్డు తెలుగులో, ఉర్దూలో పెట్టండి. చింత, వేప, కానుగ నాటండి; మన ఎండకు నీడ లేని నడకదారి ఉన్నా లేనట్టే. రెండు మూడు వందల అడుగులకొక బెంచీ, ఆడవాళ్లకు తాళం వేసి ఉండని మరుగుదొడ్డి, చీకటి పడ్డాక వెలిగే దీపాలు ఏర్పాటు చేయండి. ట్యాంక్‌బండ్ మీద బస్టాపుల దగ్గర రోడ్డు దాటడానికి సిగ్నళ్లు పెట్టండి, ఆదివారం సాయంత్రాలు వాహనాలను మళ్లించండి. వీటిలో ఒక్కదానికీ అంతర్జాతీయ కన్సల్టెంటు అక్కర్లేదు.

ఏ ఒడ్డు బాగుందో తేల్చడానికి నేను ఒకటే పరీక్ష పెడతాను: మలక్‌పేటలోనో, బోరబండలోనో ఉండే ఒక ముసలమ్మ మనవణ్ని వెంటబెట్టుకుని, ఎవరి సాయం లేకుండా, బస్సులో వచ్చి, నీటి పక్కన గంటసేపు కూర్చుని, పొద్దుగూకాక క్షేమంగా ఇల్లు చేరగలగాలి. అది కుదరని ఒడ్డు ఎన్ని కోట్లు పోసినా ప్రజలది కాదు.

ఈ ఆదివారం కారు తాళం ఇంట్లోనే పెట్టండి. ఎండ తగ్గాక ఇంట్లో పెద్దవాళ్లనూ పిల్లలనూ తీసుకుని బస్సో మెట్రోనో ఎక్కండి. హుస్సేన్‌సాగర్‌కైనా సరే, మూసీకైనా సరే వెళ్లండి. ఎక్కడ రోడ్డు దాటలేకపోయారో, ఎక్కడ ఫుట్‌పాత్ తెగిపోయిందో, ఎక్కడ నీడ లేదో రాసిపెట్టుకుని మీ కార్పొరేటరుకు పంపండి. జనం నడిచే ఒడ్డును ఏ ప్రభుత్వమూ ఎక్కువ కాలం నిర్లక్ష్యం చేయలేదు.